స్వచ్ఛందంగా నడిచే ప్రజా ఉద్యానం: చేతులు తగ్గినప్పుడు తోటను ఎలా నిలబెట్టుకోవాలి?

ప్రశ్న: పాదుమన్ను

అందరికీ నమస్కారం. చెత్తతో నిండి ఖాళీగా పడి ఉన్న ఒక స్థలాన్ని స్థానిక పాలక సంస్థ అనుమతితో మేము కొందరం ఇరుగుపొరుగువాళ్ళం శుభ్రం చేసి, ఎవరైనా వచ్చి కూర్చోదగిన తోటగా మార్చాం. ఇది ఎవరి మడిని వాళ్ళు సాగు చేసుకునే తోట కాదు. గేటు పగలంతా తెరిచే ఉంటుంది. పూలు, నీడ, బల్లలు అందరివీ. విస్తీర్ణం పావు ఎకరం ఉంటుంది. అందులో సగం దాకా నాటిన మళ్ళు, కొంత పచ్చిక, ఒక మూల పండ్ల చెట్లు, మరో మూల పిల్లల కోసం వేసిన కూరగాయల మళ్ళు. నీటికి ఉన్నది ఒకే కుళాయి.

మొదట్లో పిలిచిన ప్రతిసారీ జనం బాగా వచ్చేవారు. ఇప్పుడు వారాంతపు పనికి వచ్చేది ఎప్పుడూ ఆ ఐదారుగురే. మొక్కలు నాటే రోజున కనబడినవారిలో చాలామంది కలుపు తీసే రోజున కనబడరు. దీన్ని నిందగా అనడం లేదు, ఎవరి సంసారాలు వారికి ఉన్నాయి. కానీ ఎండలు ముదిరిన నెలల్లో నీళ్ళు పెట్టడమే ఒక ఉద్యోగమై కూర్చుంటోంది. గరిక, తుంగ మళ్ళలోకి పాకిపోతున్నాయి. ఎవరు ఏ పని చేశారో తెలియక ఒకే మడికి ఒకే రోజు ఇద్దరు నీళ్ళు పెడుతుంటే పక్క మడి ఎండిపోతోంది.

ఒక్కొక్క మడిని ఒక్కొక్క కుటుంబానికి దత్తత ఇవ్వమని కొందరు, జీతానికి ఒక తోటమాలిని పెట్టుకోమని మరికొందరు అంటున్నారు. వంతుల పట్టిక ఒకసారి వేశాం, అది గోడమీద ఉండిపోయింది. ఇలాంటి తోటలను నడిపిన అనుభవం ఉన్నవారు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా? తోటను తగ్గించుకోవడానికి మాత్రం మాలో ఎవరికీ మనసొప్పడం లేదు.

జవాబు: ఒంటిపార

పాదుమన్ను గారూ, మీరు ముందుగా తేల్చుకోవలసిన విషయం మీ చివరి వాక్యంలోనే ఉంది. స్వచ్ఛందంగా నడిచే తోటల కొలతలను మొక్కలు నాటే రోజున వచ్చిన జనాన్ని చూసి నిర్ణయిస్తారు. నిర్ణయించవలసింది ఏడాది మొత్తంలో అందరికన్నా తక్కువమంది వచ్చే నెలను చూసి. ఆ నెలలో మిగిలే చేతులు ఎంత మేర కాపాడగలవో అంతే మీ తోట. మిగతాది కలుపు మొక్కలకు మీరు సిద్ధం చేసి పెట్టిన దుక్కి మాత్రమే.

నీటి లెక్కనే తీసుకోండి. చదరపు మీటరు నేలమీద 1 మిల్లీమీటరు వాన పడితే అది 1 లీటరు నీటితో సమానం. పూలమొక్కలు, కూరగాయలు నిండిన మడికి ఎండాకాలంలో వారానికి 25 మిల్లీమీటర్లు కావాలనుకుందాం. ఇది తోటపనివారు సాధారణంగా వేసుకునే అంచనా, మరీ వేడి ఎక్కువైతే ఇంకా పెరుగుతుంది. పావు ఎకరమంటే సుమారు 1,000 చదరపు మీటర్లు. అందులో సగం మళ్ళు అన్నారు కనుక 500 చదరపు మీటర్లకు వారానికి 12,500 లీటర్లు. పది లీటర్ల డబ్బాతో మోస్తే 1,250 డబ్బాలు. నిమిషానికి 20 లీటర్లు ఇచ్చే మంచి కుళాయికి గొట్టం తగిలించినా, ఒక మనిషి వారానికి పది గంటలకు పైగా ఆ గొట్టం పట్టుకుని నిలబడాలి. ఇదంతా కలుపు తీయకముందు, ఆకులు ఊడవకముందు, పచ్చిక కోయకముందు జరగవలసిన పని. ఐదారుగురు అలసిపోయారంటే వారిలో శ్రద్ధ లోపించిందని కాదు, లెక్కే వారికి అందనిది.

కాబట్టి ఆ ఐదారుగురినీ కూర్చోబెట్టి, బాగా గడ్డు నెలలో వారానికి ఎన్ని గంటలు నిజంగా ఇవ్వగలరో ఎవరికి వారిని చెప్పమనండి. మొహమాటంతో ఎక్కువ చెప్పేవారు తప్పక ఉంటారు గనుక, వచ్చిన మొత్తంలో మూడోవంతు తీసివేయండి. మిగిలిన గంటలకు సరిపడే మళ్ళను మాత్రమే నిండుగా ఉంచుకుని, మిగతా మళ్ళను పొదలకో నేలను కప్పే మొక్కలకో అప్పగించండి, లేదా కొంతకాలం మూసివేయండి. జనం పెరిగితే ఒక్కొక్క మడినే తిరిగి తెరవవచ్చు. తెరిచిన మడిని చూసి జనం సంతోషిస్తారు. ఎండిన మడిని చూసిన జనం ఆ దారినే రావడం మానేస్తారు.

రెండో విషయం పని అప్పగించే తీరు. "ఆదివారం ఉదయం అందరూ రండి" అన్న పిలుపులో వచ్చినవాడికి ఏం చేయాలో తెలియదు, ఎప్పుడు వెళ్ళిపోవచ్చో అంతకన్నా తెలియదు. దానికి బదులు గేటు దగ్గర ఒక పలక పెట్టి, మొదలూ చివరా తెలిసే పనులు రాయండి: తూర్పు మడిలో వాడిన పూలు తుంచడం, ఇరవై నిమిషాలు, కత్తెర పెట్టెలో ఉంది; దారిమీద రాలిన ఆకులను ఎరువు గుంతలో వేయడం, అరగంట. ఉదయం నడకకు వచ్చినవాళ్ళు కూడా ఇలాంటివి చేసిపోతారు. చేసినవారు ఆ వరుస తుడిచివేస్తే చాలు. కుళాయికి ఒక అట్ట కట్టి, ఏ మడికి ఏ తేదీన నీళ్ళు పెట్టారో అక్కడే రాయించండి. మీరు చెప్పిన రెండుసార్లు నీళ్ళ గొడవ దానితోనే పోతుంది. ఫోనులో బృందం పెట్టుకోవడం మంచిదే గాని, తడిచేతులతో ఫోను తీసేవారు తక్కువ.

కొత్తవారి చేత కలుపు తీయించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. విత్తనం పడి తనంతట మొలిచిన పూలమొక్క నారు, కలుపు నారు మొదటి రెండు ఆకుల దశలో ఒకేలా ఉంటాయి. ఉత్సాహవంతుడైన కొత్త మనిషి ఒక ఉదయంలో మీ మడంతా "శుభ్రం" చేసి వెళ్ళగలడు. అందుచేత ఏ మొక్కను తీయాలో చూపే బదులు ఏ మొక్కను ముట్టకూడదో చూపి, దాని పక్కన ఒక పుల్ల గుచ్చండి.

జవాబు: వేరువాసన

ఉద్యానశాస్త్రం చదువుకున్న మనిషిగా ఒంటిపార గారి లెక్కకు కొంత చేరుస్తాను. ఆ 12,500 లీటర్లలో చాలా భాగాన్ని మొక్కల ఎంపికతోనే తగ్గించవచ్చు. ఒక్క ఋతువులో పూసి పోయే పూలమొక్కలంత నీటిని, శ్రమను అడిగేవి తోటలో మరేవీ లేవు. వాటి వేళ్ళు పైపైనే ఉంటాయి, ఏటా తిరిగి నాటాలి, వాడిన పూలు తుంచాలి. నేలకూ వాతావరణానికీ తగిన పొదలు మొదటి రెండు మూడేళ్ళు శ్రద్ధగా నీళ్ళిచ్చి పెంచితే, ఆ తరువాత చాలా వరకు వాటి బతుకు అవే బతుకుతాయి. గేటు దగ్గర, బల్లల చుట్టూ చూపు నిలిచేచోట ఒకటి రెండు మళ్ళు మాత్రం ఋతువు పూలకు ఉంచుకుని మిగతా అంతటా పొదలు వేయండి. కొత్తగా నాటే పొదలను వాన కాలం మొదట్లో నాటితే మొదటి నెలల నీటి బరువు కూడా తప్పుతుంది.

నేలను ఖాళీగా కనబడనివ్వకండి. కొమ్మల ముక్కలో, ఎండుటాకులో 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపు విత్తనాలకు వెలుతురు అందదు. పచ్చి కొమ్మల ముక్కలు నేలలోని నత్రజనిని తినేస్తాయన్న భయం చాలామందికి ఉంది; వాటిని మట్టిలో కలిపి తవ్వినప్పుడే ఆ ఇబ్బంది, పైన పరిచినప్పుడు ఆ ప్రభావం మట్టికి తగిలే పైపొరకే పరిమితం. చెట్టు మొదలు చుట్టూ మాత్రం ఒక జానెడు జాగా వదలాలి. మొదలుకు ఆనించి గుట్టగా పోయడం వల్ల బెరడు ఎప్పుడూ తడిగా ఉండి కుళ్ళుతుంది. ప్రజా ఉద్యానాల్లో అభిమానంతో చేసే హానుల్లో ఇదే ముందుంటుందని నా నమ్మకం.

కలుపును పూత పట్టకముందే తీయాలన్న మాట ఎంత పాతదైనా, దాని వెనుక ఉన్న నిజం ఆశ్చర్యం కలిగిస్తుంది. 1879లో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్రవేత్త అమెరికాలోని మిషిగన్‌లో కలుపు మొక్కల విత్తనాలను ఇసుకతో సీసాల్లో నింపి పాతిపెట్టాడు; అప్పటి నుంచి కొన్నేళ్ళకొక సీసా చొప్పున తీసి మొలిపిస్తూ వస్తున్నారు. 2021లో తీసిన సీసాలోనూ కొన్ని విత్తనాలు మొలిచాయి. అన్ని జాతులూ అంత మొండివి కావు, చాలావి కొద్ది ఏళ్ళలోనే చచ్చిపోతాయి. అయినా మీ బృందానికి ఒక్క గంటే దొరికిన వారంలో, గింజ పట్టబోతున్న కలుపును తీయడం ముందు, చిన్న కలుపును తీయడం తరువాత. తుంగ సంగతి వేరు. అది నేలలోని గడ్డలతో పెరిగేది, పైన పీకితే లాభం లేదు, తవ్వి గడ్డతో సహా తీయాలి, మళ్ళీ మొలిస్తే మళ్ళీ తీయాలి.

పచ్చికను కూడా తగ్గించవచ్చు. మొత్తం కోసే బదులు దారుల అంచున, బల్లల ముందు మాత్రం పొట్టిగా కోసి, మిగతా గడ్డిని పొడవుగా వదిలేయండి. వదిలేసినట్టు కనబడుతుందేమోనన్న సందేహం సహజమే. భూదృశ్య పరిశోధకురాలు జోన్ నసావర్ 1995లో ఈ విషయం మీదే రాశారు: అడవిలా పెరిగిన భాగం చుట్టూ చక్కగా కోసిన అంచు, కంచె, ఒక బల్ల వంటి శ్రద్ధ తెలిపే గుర్తులు ఉంటే జనం దాన్ని నిర్లక్ష్యంగా భావించరు. తోటను తగ్గించుకోవడానికి మనసొప్పనివారికి ఇది పనికివచ్చే సంగతి. అంచులు శుభ్రంగా ఉన్నంతకాలం లోపల మీరు ఎంత తక్కువ చేస్తున్నారో చూసేవారికి తెలియదు.

ప్రశ్న కొనసాగింపు: పాదుమన్ను

ఇద్దరికీ కృతజ్ఞతలు. నీటి లెక్కను మా వాళ్ళకు చదివి వినిపించాను. ఇన్నాళ్ళూ ఒకరినొకరు అనుకుంటున్న మాటలు కొంత తగ్గాయి. గేటు దగ్గరి పలక, కుళాయి అట్ట వెంటనే పెడతాం.

దత్తత విషయంలో మాత్రం మాలో తగవు తెగడం లేదు. మడిని తీసుకున్నవారు దాన్ని సొంత పెరడులా చూసుకుంటారని ఒక పక్షం. అలా సొంతమైన మడిలో ఎవరైనా పువ్వు కోస్తే గొడవలు మొదలవుతాయని రెండో పక్షం. పండ్లు కూడా ఇదే దారిలో ఉన్నాయి; పండకముందే ఎవరో కోసుకుపోతున్నారని, కోసుకునే హక్కు పని చేసినవారికే ఉండాలని కొందరు పట్టుబడుతున్నారు. దీనికి నియమాలు రాయాలా, వద్దా?

జవాబు: గట్టుమీదిచెట్టు

రాయండి, కానీ కొద్దిగా రాయండి, ఆ రాసేటప్పుడు పని చేసేవాళ్ళంతా కూర్చుని రాయండి. ఉమ్మడి వనరులను జనం తమంతట తాము ఎలా కాపాడుకుంటారన్నది జీవితకాలం పరిశోధించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ విభాగంలో ఆ బహుమతి పొందిన తొలి మహిళ ఆమె. సాగునీటి కాలువలు, ఉమ్మడి పచ్చిక బయళ్ళు, అడవులు, చేపల రేవులు తరాల తరబడి నిలిచినచోట ఆమె గమనించిన లక్షణాలు కొన్ని మీ తోటకు నేరుగా సరిపోతాయి. ఎవరిది ఏ హక్కో స్పష్టంగా ఉండాలి. నియమాలు ఆ చోటికి తగినవై, వాటికి లోబడేవారికే వాటిని మార్చే అవకాశం ఉండాలి. తప్పు చేసినవారికి మొదట చిన్నపాటి మందలింపు, తరువాతే పెద్ద చర్య. తగవులు ఖర్చు లేకుండా త్వరగా తీరే చోటు ఒకటి ఉండాలి. వీటన్నిటికీ తోడు, పైనున్న ప్రభుత్వం ఆ సముదాయానికి సొంతంగా నియమాలు చేసుకునే హక్కును గుర్తించాలి.

దీని ప్రకారం చూస్తే మీ దత్తత తగవులో రెండు పక్షాలు రెండు వేరు విషయాల గురించి మాట్లాడుతున్నాయి. మడి మీద బాధ్యత ఇవ్వవచ్చు, మడి మీద హక్కు ఇవ్వకూడదు. తీసుకున్నవారి పేరు పలక మీద ఉంటుంది, ఏం నాటాలో వారి మాటకు విలువ ఉంటుంది, అంతవరకే. పువ్వులు, పండ్లు తోటవి. బాధ్యతకు ఒక గడువు పెట్టండి, ఒక ఋతువో ఏడాదో. గడువు ముగిసినప్పుడు వద్దనుకున్నవారు మొహమాటపడకుండా తప్పుకోవచ్చు, కావాలనుకున్నవారు కొనసాగవచ్చు. ఒక మడికి ఒక్క కుటుంబాన్ని కాక ఇద్దరిని కలపండి. ఒకరు ఊరికి వెళ్ళినా మడి ఎండదు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో 1860ల నాటి ష్రేబర్ తోటల కథ ఇక్కడ గుర్తొస్తుంది. అక్కడ ఒక ఆటస్థలం అంచున పిల్లల చేత సాగు చేయించాలని చిన్న మళ్ళు వేయించారు. పిల్లలకు త్వరలోనే ఆసక్తి పోయి, కలుపు తీసే పని తల్లిదండ్రుల మీద పడింది, చివరకు ఆ మళ్ళు కుటుంబాల తోటలయ్యాయి. జర్మనీలో నేటికీ ఇలాంటి కుటుంబపు తోటలను ఆ పేరుతోనే పిలుస్తారు. మీ పిల్లల మడులకు కూడా పెద్దల పేర్లు ముందే రాసిపెట్టుకోవడం మంచిది.

పండ్ల విషయం: కాపలాతో తీరేది కాదు. తెరిచిన గేటు ఉన్న తోటలో పండ్లు పోతాయి, దానికి సిద్ధపడే చెట్లు నాటాలి. పండినట్టు ఎలా తెలుసుకోవాలో చెట్టు దగ్గర బొమ్మతో రాసిపెడితే పచ్చికాయలు కోయడం చాలా తగ్గుతుంది, ఎందుకంటే అలా కోసేవారిలో సగంమంది పండే దాకా ఆగితే వేరేవారు కోసుకుపోతారన్న తొందరలో కోస్తారు. కోత రోజు ఒకటి ప్రకటించి ఆ రోజు అందరికీ పంచితే ఆ తొందరకు కారణం ఉండదు.

వీటన్నిటికన్నా ముఖ్యమైన కాగితం ఒకటుంది. అనుమతితో మార్చాం అన్నారు. ఆ అనుమతి రాతలో ఉందా, ఎన్నేళ్ళకు, ఎవరి సంతకంతో? న్యూయార్క్‌లో 1973లో లిజ్ క్రిస్టీ, ఆమె మిత్రులు పాడుబడిన స్థలాన్ని శుభ్రం చేసి వేసిన తోటకు మరుసటి ఏడాది నగరం నెలకు ఒక డాలరు అద్దెతో ఒప్పందం ఇచ్చింది. ఆ తోట నేటికీ ఉంది. అదే నగరంలో 1999లో, నగరానికి చెందిన స్థలాల్లో ఉన్న నూటికి పైగా తోటలను వేలం వేయబోతే, ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్, న్యూయార్క్ రెస్టొరేషన్ ప్రాజెక్ట్ అనే సంస్థలు కొని నిలబెట్టవలసి వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో 14 ఎకరాల్లో వందలాది కుటుంబాలు సాగు చేసుకున్న తోటకు ఆ అదృష్టం కలగలేదు. నేల యాజమాన్యం చేతులు మారాక 2006లో వారిని ఖాళీ చేయించారు. నోటిమాట అనుమతి ఇచ్చిన అధికారి బదిలీ కావడానికి ఎంతో కాలం పట్టదు. ఒప్పందంలో గడువు, ముందస్తు నోటీసు కాలం, నీటి బిల్లు ఎవరిది, పెద్ద కొమ్మ విరిగి పడి ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది అన్నవి తప్పక ఉండాలి.

జవాబు: మాపటిగాలి

పై జవాబులన్నీ శ్రద్ధగా చదివాను. అందులోని మాటలు కాదనను, అయినా నాకొక అభ్యంతరం ఉంది. గంటల లెక్క, పలక, అట్ట, పేర్లు, గడువు, ఒప్పందం: ఇన్నిటి తరువాత మిగిలేది తోటా, కార్యాలయమా? జనం జీతం లేని పనికి రావడం మడి శుభ్రంగా ఉండాలని మాత్రమే కాదు. నలుగురితో మాట్లాడవచ్చని వస్తారు, ఇంట్లో ఊపిరాడక వస్తారు, ఉద్యోగ విరమణ తరువాత చేతులు ఊరుకోక వస్తారు. పనికి ముందు ఒక పావుగంట, పని తరువాత ఒక అరగంట ఊరికే కూర్చునే వేళ లేని తోటకు రెండోసారి ఎవరూ రారు. ఒంటరిగా వచ్చి పలక చూసి ఇరవై నిమిషాలు పూలు తుంచి వెళ్ళేవారు ఉంటారు, కాదనను; కానీ గడ్డు నెలలో మిగిలే ఐదారుగురు ఆ కోవలోనివారు కాదు, వారు ఒకరి కోసం ఒకరు వచ్చేవారు.

జీతానికి తోటమాలి సంగతి ఎవరూ తాకలేదు. పెట్టుకోండి, కానీ ఏ పనికో ఆలోచించి పెట్టుకోండి. మనుషులకు ఇష్టమైన పనులు, నాటడం, కత్తిరించడం, పూలు కోయడం వంటివి, జీతగాడికి ఇచ్చి, విసుగు పుట్టించే నీళ్ళ పనిని స్వచ్ఛందంగా వచ్చినవారికి వదిలేసిన తోటలను చూశాను. అవి ఎక్కువ కాలం నిలవలేదు. దానికి తలకిందులుగా చేయాలి. వారం మధ్యలో నీళ్ళు, పచ్చిక కోత, చెత్తబుట్టలు జీతం మీద జరగాలి. ఎత్తయిన కొమ్మల కత్తిరింపు అయితే నిచ్చెన, రంపంతో మీలో ఎవరూ చేయకుండా ఆ పని తెలిసిన మనిషికే ఇవ్వాలి.

జవాబు: ఒంటిపార

మాపటిగాలి గారి అభ్యంతరంలో సగం ఒప్పుకుంటాను. కూర్చునే వేళ ఉండాలి, అది పట్టికలో కూడా ఉండాలి. తక్కిన సగం గురించి ఒక్క మాట: ఒకరి కోసం ఒకరు వచ్చే ఐదారుగురిలో ఒక్కరు జబ్బుపడితే తక్కినవారు ఆ పనీ మోస్తారు, ఎవరికీ చెప్పరు, ఒకరోజు అందరూ కలిసే మానేస్తారు. లెక్క రాసిపెట్టడం ఆ స్నేహాన్ని కాపాడటానికే. ఎవరి పని ఎంతో తెలియనప్పుడు మంచివారి మీదే బరువంతా పడుతుంది.

అలాగే తాళాలు, కుళాయి మూత తెరిచే పద్ధతి, ఒప్పందం కాగితం, ఏ మడిలో ఏం నాటారో రాసిన పుస్తకం ఒక్కరి దగ్గరే ఉండకూడదు. సమన్వయం చేసే మనిషిని ఏడాదికొకసారి మార్చండి. దిగిపోయేవారు తరువాతి వారితో ఒక ఋతువు కలిసి పని చేయాలి.

జవాబు: వేరువాసన

పిల్లల మళ్ళ గురించి చెప్పడం మరిచాను. ఆ స్థలం ఖాళీగా, చెత్తతో పడి ఉన్నదన్నారు. పాత కట్టడాల రంగుల్లో సీసం వాడేవారు, వాహనాల పెట్రోలులోనూ కలిపేవారు. పెట్రోలులో సీసం వాడకం ప్రపంచమంతటా ఆగింది 2021లోనే. ఆ సీసం నేలలో కుళ్ళిపోయేది కాదు, పైపొరలో అలాగే ఉంటుంది. పిల్లలు మట్టి చేతులు నోట్లో పెట్టుకుంటారు గనుక, పండించినది తినడం కన్నా ఆ మట్టే పెద్ద ప్రమాదం. రహదారి పక్కనో, కూల్చిన ఇంటి జాగాలోనో ఉన్న తోట అయితే కూరగాయలు వేయకముందు మట్టి పరీక్ష చేయించండి. ఫలితం వచ్చే దాకా, లేదా ఫలితం బాగాలేకపోతే, కింద గట్టి బట్ట పరిచి కట్టిన ఎత్తు మళ్ళలో బయటి మంచి మట్టి పోసి పెంచండి. చుట్టూ ఉన్న ఖాళీ నేలను కొమ్మల ముక్కలతో కప్పండి. ఆకుకూరలను, దుంపలను బాగా కడిగించండి.

ఉచితంగా వచ్చే పశువుల ఎరువు, గడ్డి విషయంలోనూ అడిగి తీసుకోండి. గడ్డి భూముల్లో చల్లే కొన్ని కలుపు మందులు పశువు కడుపులోంచి కూడా పాడవకుండా వచ్చి, ఎరువు మాగిన తరువాత కూడా టమాటా, చిక్కుడు మొక్కల ఆకులను మెలితిప్పేస్తాయి. ఆ ఎరువు కలిపిన మట్టిని ఒక కుండీలోనూ, కలపని మట్టిని మరో కుండీలోనూ పోసి చిక్కుడు గింజలు పెట్టి, మూడు నాలుగు వారాలు చూస్తే విషయం తేలిపోతుంది. సొంత ఎరువు గుంతకు ఒక మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉంటే వేడి నిలుస్తుంది. ఎండుటాకులూ పచ్చి వ్యర్థాలూ కలిపి వేస్తూ తిప్పుతుంటే 55 డిగ్రీల పైకి పోయి చాలా కలుపు గింజలు చస్తాయి. గుట్ట వెలుపలి భాగం మాత్రం అంత వేడెక్కదు, అందుకే తిప్పడం. తుంగ గడ్డలను ఆ గుంతలో వేయకండి. ఎరువు తిప్పేవారు దాన్ని కొంచెం తడిపి, దుమ్ము పీల్చకుండా చూసుకోవాలి. మట్టిలో పని చేసే ప్రతి ఒక్కరూ ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోవాలి. పదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోమంటారు.

ప్రశ్న కొనసాగింపు: పాదుమన్ను

అందరి మాటలూ మా సమావేశంలో పెట్టాను. అనుమతి కాగితం ఉంది గాని దాని మీద గడువు లేదు. దానిని సరిచేయించే పని ఇద్దరికి అప్పగించాం. గడ్డు నెల లెక్క వేస్తే మాకు దక్కేవి ఇప్పుడున్న మళ్ళలో సగానికి కొంచెం తక్కువ. వారం మధ్య నీళ్ళకు ఒక మనిషిని పెట్టుకోవడానికి చందా వేసుకుంటున్నాం, దానితో మరికొంత నిలుస్తుంది. చివరికి మిగిలిన ప్రశ్న ఇది: మూసివేయాలనుకున్న మళ్ళను ఎలా మూయాలి? వదిలేస్తే తుంగ రాజ్యమేలుతుంది.

జవాబు: వేరువాసన

ముందు మడి చుట్టూ అంచును పారతో నిలువుగా కోసి, పక్క పచ్చిక నుంచి గరిక వేర్లు లోపలికి రాకుండా తెంపండి. ఉంచదలచిన పొదలు ఉంటే వేరే మడికి మార్చండి. ఉన్న కలుపును నేలకు సమంగా కోసి అక్కడే వదిలి, నేలను బాగా తడిపి, దాని మీద టేపు, మేకులు తీసేసిన అట్టపెట్టెలను ఒకదాని అంచు మీద మరొకటి జానెడు ఎక్కేలా పరవండి. అట్టను కూడా తడిపి, పైన కొమ్మల ముక్కలు పది సెంటీమీటర్ల మందాన పోయండి. మామూలు కలుపు మొక్కలు చాలావరకు ఒక ఋతువులో చస్తాయి.

తుంగ మాత్రం అట్టను గుచ్చుకుని పైకి వస్తుంది, సన్నని ప్లాస్టిక్‌నే గుచ్చుకుని వచ్చే మొక్క అది. కనుక తుంగ ఉన్న మళ్ళను మూసే జాబితాలో చివర పెట్టండి. మనుషులు రోజూ తిరిగే దారి పక్కన, చేతికి అందేచోట వాటిని ఉంచుకుని గడ్డలు తవ్వుతూ ఉండటమే మేలు. తుంగకు నీడ గిట్టదు గనుక, గడ్డలు కొంత తగ్గాక అక్కడ దట్టంగా కమ్ముకునే పొదలు నాటండి. తుంగ లేని మళ్ళను ఈ వాన కాలానికి ముందే మూసేయవచ్చు. తిరిగి తెరవాలనుకున్న నాడు కొమ్మల ముక్కలను పక్కకు లాగి, కుళ్ళిన అట్టలోంచే గుంత తీసి మొక్కను పెట్టండి. మడి మొత్తాన్ని తవ్వితే అడుగున నిద్రపోతున్న గింజలన్నీ వెలుతురులోకి వస్తాయి.

మూసిన మడి అంచు వెంట మాత్రం పొట్టిగా కోసిన పచ్చిక పట్టీ ఒకటి తప్పక ఉంచండి, దాని మీద "వచ్చే ఏడాదికి నేల సిద్ధం చేస్తున్నాం" అని రాసిన పలక నిలబెట్టండి. ఆ పలక కింద పని చేయదలచినవారు ఎవరిని కలవాలో రాయడం మరవకండి.